రెండు నిమిషాల సైకిల్

తుర్కయాంజాల్,
7 జూలై 2024, ఆదివారం.

నర్మదక్కా,

ఈ ఉత్తరం యాసిన్ అన్న ఆటోలో వస్తుంది. పొద్దున ఎల్బీనగర్ ట్రిప్పులో మా హాస్టల్ ముందు ఆపి, "అక్కకు ఏమన్న రాసినవా? సాయంత్రం తీస్కపోత" అని తనే అడిగాడు. మనతో బడికి వచ్చిన యాసిన్ చివరికి మనిద్దరికీ పోస్ట్‌మన్ అయ్యాడు.

నా గదిలో ఉండే నిషాత్ నవ్వుతుంది. ఆమె మా వార్డులోనే నర్సు. "ముప్పావు గంట బస్సు దూరానికి ఉత్తరమేంది?" అంటుంది. మా అక్కకు జ్వరమొచ్చి చెవులు పోయాయి, ఫోన్ చేస్తే వినబడదు, మెసేజ్ పెడితే అది బావ ఫోన్‌కు పోతుంది, ఆయన చదివి చేతులూపి చెప్పాలి అని వివరించాను. "అయితే నువ్వే పోరాదు?" అంది. 

ఈ ఆదివారం కూడా రాలేదని భవాని అలిగిందా? నిన్న డ్యూటీ దిగి బస్సులో నిలబడే నిద్రపోయాను. స్టాపు దాటి ఎక్కడో దిగి, ఎండలో వెనక్కి నడిచాను. ఇవాళ యాసిన్ అన్నతో మాట్లాడి మళ్లీ పడుకుంటే, లేచేసరికి మధ్యాహ్నమైంది. హరీశ్ చనిపోయి నేను ఒంటరిదాన్నైనప్పుడు పిల్లను నీ దగ్గర వదిలి "ఒక్క ఏడాది అక్కా" అన్నాను. అయిదో ఏడు నడుస్తోంది. నా కడుపున పుట్టింది, నీ ఒళ్లో పెరిగింది.

అసలు సంగతి. ఇంగ్లీష్ పరీక్ష రెండోసారి కూడా పోయింది. చదవడం, రాయడం, వినడం మూడూ వచ్చాయి. మాట్లాడే దగ్గర అర మార్కు తక్కువ. ఆ అర మార్కు తక్కువైతే ఐర్లాండ్ ఆసుపత్రి వాళ్లు నన్ను నర్సుగా తీసుకోరు.

ఏం అడిగారో తెలుసా? సైకిల్ గురించి. చిన్నప్పుడు తొక్కేదానివా, ఎవరు నేర్పారు అని. కోచింగ్ సార్ అందరికీ ఒకటే జవాబు బట్టీ పట్టించాడు. "నా పుట్టినరోజుకు మా నాన్న ఎర్ర సైకిల్ బహుమతి ఇచ్చారు" అని మొదలవుతుంది. అదే అప్పజెప్పాను. ఆ సైకిల్ మీద మొదట ఎక్కడికి వెళ్లావు అని వెంటనే ఇంకో ప్రశ్న వేశారు. సార్ చెప్పిన దాంట్లో అది లేదు. నోరు తెరుచుకుని కూర్చున్నాను.

మళ్లీ అదే రావచ్చట. ఈసారి ఆపకుండా రెండు నిమిషాలు మాట్లాడగలగాలి. నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. బాపు సైకిల్ గురించి, మనం బడికి పోయిన సంగతులు నీకు గుర్తున్నవన్నీ రాసి పంపు. చిన్నవైనా సరే.

భవానికి జుట్టుకు నూనె పెట్టు. పెడతావని తెలుసు, రాయకుండా ఉండలేక రాశాను.

నీ అరుణ


ఇబ్రహీంపట్నం,
11 జూలై.

చెల్లె అరుణజ్యోతికి,

భవాని అలగలేదు. నువ్వు రాకపోతే అలగడం అది ఎప్పుడో మానేసింది. దెప్పి పొడవడానికి రాయలేదు, అడిగావు కాబట్టి రాశాను.

వానలు సరిగ్గా లేవు. చెరువులో నీళ్లు కిందికి పోయాయి. మీ బావ పొద్దున వలతో పోయి మధ్యాహ్నం ఉత్త చేతులతో వస్తున్నాడు. వచ్చి మాట్లాడడు. నాకు ఎలాగూ వినబడదు, అయినా ఆయన పెదవులు కదలకపోతే నాకు తెలుస్తుంది కదా. నా నడుము నొప్పి అలాగే ఉంది. నువ్వు పంపిన గోలీలు వేసుకుంటే నిద్ర వస్తోంది, వండుతూ వండుతూ తూలుతున్నాను. మానేశాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాకు నచ్చలేదు. బాపు చేపలమ్మిన సైకిల్ గురించి ఏ దొరసానికో చెప్పి మార్కులు అడుక్కుంటావా? మన లేమి మనింట్లో ఉంటే చాలు. బాపు బతికి ఉంటే ఒప్పుకునేవాడు కాదు.

అయినా అడిగావు కాబట్టి రాస్తున్నాను.

అది ఎర్ర సైకిల్ కాదు. నల్లది, రంగు పోయి ఇనుము తేలింది. బాపు తెల్లవారకముందే చేపల గంప కట్టుకొని ఊళ్లకు పోయేవాడు. బడి టైముకు తిరిగి వచ్చేవాడు. గంప దించి, వెనక క్యారియర్ మీద బకెట్ నీళ్లు కొట్టేవాడు. అయినా వాసన పోయేది కాదు. లంగాకు వాసన వస్తుందని నువ్వు ఏడ్చేదానివి. నేను గోనెసంచి మడతపెట్టి వేసేదాన్ని. మీ క్లాసులో పిల్లలు ముక్కు మూసుకుంటారని నువ్వు బడి ముందర దిగేదానివి కాదు, మూల దగ్గరే దిగి నడిచేదానివి.

నాకు సీటు అందేది కాదు. సైకిల్ మధ్యలోని త్రికోణంలోంచి కాలు దూర్చి, ఒక పక్కకు వంగి కైంచి తొక్కేదాన్ని. అలా ఒక మనిషిని వెనక కూర్చోబెట్టుకొని తొక్కడం ఎంత కష్టమో నీకేం తెలుసు? ఎత్తు దారి వచ్చినప్పుడు "దిగు" అంటే నువ్వు దిగేదానివి కాదు. వెనక కూర్చొని పుస్తకం తెరిచి పాఠం పైకి చదివేదానివి. నీ పాఠాలన్నీ నాకు నోటికి వచ్చేవి. నావి నాకు వచ్చేవి కావు.

ఇది చాలా? ఇంతకంటే నాకు గుర్తు లేదు.

భవాని సైకిల్ కావాలని పట్టుబట్టింది. పక్క వీధిలో వాళ్ల పిల్ల పెద్దదైపోతే దాని చిన్న సైకిల్ ఇచ్చారు. సాయంత్రాలు కట్ట మీద నేర్పుతున్నాను.

నర్మద


తుర్కయాంజాల్,
21 జూలై, ఆదివారం.

అక్కా,

నువ్వు రాసింది నిషాత్‌కు చదివి వినిపించాను. మేమిద్దరం ఇంగ్లీషులో ప్రశ్నలు అడుక్కుంటూ అలవాటు చేసుకుంటున్నాం. వంట చేస్తూ కూడా ఇంగ్లీషే. ఆమె పప్పు మాడ్చి "సారీ" అంది, అదొక్కటే తప్పు లేకుండా వచ్చింది.

మనం లేనివాళ్లమని చెప్పుకొని మార్కులు అడగడం కాదక్కా. అక్కడ ఎవరూ జాలిపడరు. మాట ఎక్కడ తడబడింది, క్రియ ఎక్కడ తప్పింది, అదే చూస్తారు. మన కథ వాళ్లకు అక్కర్లేదు. నాకు చెప్పడానికి ఏదో ఒకటి కావాలి, అంతే. నువ్వు అలా రాసేసరికి వారం రోజులు పెన్ను పట్టలేకపోయాను.

ఒకటి మాత్రం నువ్వు మరిచిపోయావు. బాపు నాకు కూడా సైకిల్ నేర్పాడు. చెరువు కట్ట మీదే. వెనక క్యారియర్ పట్టుకొని పరుగెత్తాడు. "ముంగట సూడు, కిందికి సూడకు" అన్నాడు. ఆయన చెయ్యి ఎప్పుడు వదిలాడో తెలియదు. నాకు ఆ గాలి కూడా గుర్తుంది. పరీక్షలో ఇదే చెబుతాను.

ఇంకో మాట. భవాని గురించి. నీ నడుము నొప్పి, ఇంటి పని, పైగా బావకు పని లేని రోజులు. మా వార్డులో ఒకావిడ తన బిడ్డను గురుకులంలో వేసింది. తిండి, చదువు అన్నీ వాళ్లే చూస్తారట. భవానిని కూడా అడిగి చూద్దామా? నేను వెళ్లేది ఖాయమైతే వెంటనే పిల్లను తీసుకుపోవడం కుదరదట. ముందు నేను పోవాలి, తర్వాత ఎప్పుడో దాని కాగితాలు. అన్ని రోజులు నీ మీద వేయడం న్యాయం కాదనిపిస్తోంది.

ఆలోచించు. కోపం తెచ్చుకోకు.

అరుణ


ఇబ్రహీంపట్నం,
24 జూలై.

అరుణజ్యోతి,

ఆలోచించాను.

బాపు నేర్పింది నాకు. నువ్వు గట్టు మీద కూర్చొని చూశావు. చూసి చూసి నీదే అనుకుంటున్నావు. నీకు సైకిల్ రాదు. ఇప్పుడు ఎక్కించినా పడతావు. కావాలంటే అబద్ధం చెప్పుకో, నీ పరీక్ష, నీ ఇష్టం.

గురుకులం హాస్టల్ సంగతి. నాకు నడుము నొప్పి అని రాస్తే నువ్వు డాక్టర్‌ను అడిగి మందు చెబుతావనుకున్నాను. పిల్లను మోయలేకపోతున్నానని చెప్పినట్టు నీకెందుకు కనబడింది? ఉన్న మాట చెప్పు. చెవులు వినబడని దాని దగ్గర పిల్ల ఎందుకని కదా? ఆ మాట ఎవరన్నారు? నువ్వే అనుకున్నావా, నీ నిషాత్ అన్నదా?

నాకు చెవులు లేవు గానీ పిల్ల ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు దగ్గుతుందో వీపు మీద చెయ్యి వేసి చెప్పగలను. చెవులున్న నువ్వు చెప్పు, దానికి ఇప్పుడు ఏ పన్ను ఊగుతోంది?

యాసిన్ ఆటో దగ్గర నిలబడి ఏదో చెప్పాడు. "అరుణ పోతుంది" అన్నట్టు చెయ్యి పైకెత్తి విమానం చూపించాడు. అన్నీ అయిపోయాక ఊరికే సైకిల్ కథలు అడుగుతున్నావా అని కూడా అనిపించింది.

ఇక నువ్వు రాస్తేనే రాస్తాను.

నర్మద


తుర్కయాంజాల్,
1 సెప్టెంబర్, ఆదివారం.

అక్కా,

నెల దాటింది, రాయలేదు. రాయాలని కూర్చున్నప్పుడల్లా ఊగే పన్ను దగ్గరే ఆగిపోయాను. నాకు తెలియదు కాబట్టి.

యాసిన్ అన్న చూపించిన విమానం నేను చెప్పింది కాదు. "పాసైతే పోత" అన్నాను. ఆయన పాసైతే అనే ముక్క చేతులతో ఎలా చూపిస్తాడు, విమానం మాత్రం చూపించాడు. అంతే జరిగింది.

నిన్న పరీక్ష అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. చదివాక ఏమనుకుంటావో అనుకో.

మొన్న శుక్రవారం సాయంత్రం డ్యూటీ నుంచి యాసిన్ అన్న ఆటోలోనే వచ్చాను. నాదర్‌గుల్ దాటాక అద్దంలో నన్ను చూసి అన్నాడు.

"పిల్ల చెయ్యి ఎట్లున్నది?"

"ఏ చెయ్యి?"

"నీకు చెప్పలేదా? నిన్న సైకిల్ మీదికెళ్లి పడ్డది గద. మణికట్టు కాడ ఇరిగిందట. మీ బావ బాలేష్ దవాఖానకు తీస్కపోయిండు. పట్టీ ఏసిన్రు."

బావకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. చివరికి తీసి, "ఏం కాలేదు, మంచిగనే ఉన్నది, నీకు రేపు పరీక్ష ఉన్నదని మీ అక్క చెప్పొద్దన్నది" అని పెట్టేశాడు. అక్కడే దిగి నీ దగ్గరికి రావాల్సింది. బస్సు కూడా కనబడుతోంది. దిగలేదు. పరీక్ష ఫీజు మళ్లీ కట్టే ఓపిక లేదు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక అసలే లేదు. ఇదేం తల్లి అని నువ్వు అనుకోవచ్చు. నేనూ అదే అనుకుంటూ గదికి వచ్చాను. నిషాత్ అన్నం కలిపి పెడితే తిన్నాను.

పొద్దున పోయాను. పరీక్ష పెట్టే ఆమె నువ్వనుకున్న దొరసాని కాదక్కా. నేత చీర కట్టుకుంది, నెరిసిన జుట్టు, మన వైపు ఆవిడలాగే ఉంది. బల్ల మీద రికార్డర్ పెట్టింది. పేరు అడిగింది, ఊరు అడిగింది. తర్వాత కాగితం చూసి, "ఇప్పుడు సైకిళ్ల గురించి మాట్లాడుకుందాం" అంది.

నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. 

"చిన్నప్పుడు మీకు సైకిల్ ఉండేదా?"

ఎర్ర సైకిల్ నోటి చివరిదాకా వచ్చింది. మా నాన్నది ఒక నల్ల సైకిల్ ఉండేది, ఆయన దాని మీద చేపలు అమ్మేవాడు అన్నాను. మీకు ఎవరు నేర్పారు అని అడిగింది. బాపు కట్ట మీద పరుగెత్తింది చెప్పబోయాను. ఆయన పరుగెత్తుతుంటే నాకు ఆయన వీపు కనబడుతోంది అక్కా. నేను సైకిల్ మీద ఉంటే ఆయన వీపు నాకెలా కనబడుతుంది? ఆయన ముందు నీ రెండు జడలు కూడా కనబడ్డాయి. నువ్వు రాసింది నిజం. నేను గట్టు మీదే ఉన్నాను.

"నేను నేర్చుకోలేదు. మా అక్క తొక్కేది, నేను వెనక కూర్చునేదాన్ని" అన్నాను.

అప్పుడు ఆమె రెండు నిమిషాలు మాట్లాడమంది. మాట్లాడాను. బకెట్ నీళ్లు, గోనెసంచి, ఎత్తు దారి, మూల దగ్గర దిగడం, అన్నీ. కైంచి తొక్కుడుకు ఇంగ్లీష్ మాట తెలియక, కత్తెర అని చెప్పి కుర్చీలోనే పక్కకు వంగి కాలు చూపించాను. ఆమె కొంచెం నవ్వింది. మా అక్కకు ఆ రోజుల్లో నా పాఠాలన్నీ వచ్చేవి, ఇప్పుడు ఆమెకు ఏమీ వినబడదు అన్నాను. ఆ వాక్యంలో తప్పులేం చేశానో నాకు తెలియదు.

ఆ తర్వాత ఇంకో ప్రశ్న. "పిల్లలకు సైకిల్ నేర్పించాల్సింది తల్లిదండ్రులే అంటారా?"

కాగితం మీద ఉన్న ప్రశ్నే. ఆమె కావాలని అడగలేదు. నేను ఆగిపోయాను.  రికార్డర్ మీద చిన్న ఎర్ర లైటు వెలుగుతోంది. చివరికి అన్నాను, "మొన్న నా కూతురు సైకిల్ మీద నుంచి పడి చెయ్యి విరిగింది. దానికి నేర్పింది మా అక్క. నేను అక్కడ లేను. నేను ఈ పరీక్షకు చదువుతున్నాను." చేత్తో కళ్లు తుడుచుకున్నాను. ఆమె "థాంక్యూ" అని తర్వాత ప్రశ్నకు పోయింది. ఊళ్లలో రోడ్ల మీద సైకిళ్లకు వేరే దారి ఉండాలా అని. ఉండాలి అని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. పోయిందనే అనుకుంటున్నాను.

నువ్వు నాతో ఎందుకు చెప్పలేదు? పరీక్ష పోతుందని దాచావని బావ అంటున్నాడు. నాకు అలా అనిపించడం లేదు. హాస్టల్ మాట అన్నందుకు నన్ను శిక్షించావా? ఉన్న మాట రాయి.

అరుణ


ఇబ్రహీంపట్నం,
5 సెప్టెంబర్.

చెల్లె,

నిన్ను శిక్షించడానికి కాదు. చెప్పలేకపోయాను.

ఆ రోజు సాయంత్రం ఇద్దరం కట్ట మీద ఉన్నాం. భవాని అప్పటికి బాగానే తొక్కుతోంది. "నువ్వు ముంగట నడువు పెద్దమ్మ, నేను నిన్ను దాటి పోత" అని సైగ చేసింది. సరేనని ముందు నడిచాను. దాటి పోతుంది కదా అని చూసుకుంటూ పోతున్నాను. ఎంతకూ దాటలేదు. గొలుసు ఊడిందో, రాయి తగిలిందో, పడిపోయింది. నేను నడుస్తూనే ఉన్నాను. కొంగు గుంజితే అప్పుడు తిరిగి చూశాను. చెయ్యి పట్టుకొని నిలబడి ఉంది. మోకాలు నిండా రక్తం.

బట్టలుతుకుతున్న నర్సింహమ్మ పైకి వచ్చింది. ఆమె పెదవులు నాకు స్పష్టంగా తెలిశాయి. "పోరి గంత ఒర్లుతుంటే ఇనవడలేదానె?" అంది.

అప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు. నన్ను పిలుస్తూ అది అక్కడ పడి ఉంటే నేను ముందుకు నడిచిపోయాను. నువ్వు హాస్టల్ అంటే నేను నీ మీద విరుచుకుపడ్డాను. నువ్వు అన్నదే సరైనది. గురుకులమో ఏదో చూడు. అక్కడ పిలిస్తే పలికేవాళ్లు ఉంటారు.

చేతికి పట్టీ ఆరు వారాలు ఉండాలన్నారు. రాత్రి దురద పెడుతుంటే చీపురు పుల్లతో గోకుతున్నాను, అలా గోకొచ్చా? నీకు తెలిసి ఉంటుంది, రాయి.

పరీక్షలో నా చెవుల గురించి ఎందుకు చెప్పావు? అయినా ఫరవాలేదు. ఆమెకు నేనెవరో తెలియదు కదా.

నర్మద


తుర్కయాంజాల్,
22 సెప్టెంబర్, ఆదివారం.

అక్కా,

పుల్లతో గోకొద్దు, పుండు పడుతుంది. పైనుంచి మెల్లగా తట్టు.

పోయిన ఆదివారం నేను వచ్చినప్పుడు నువ్వు పొయ్యి దగ్గర నుంచి కదలలేదు. నా ముఖం చూడలేదు. నేనూ నీ ఎదురుగా కూర్చుని కాగితం మీద రాయలేకపోయాను. అలసిపోయిన ఇద్దరం ఒకే గదిలో అటు తిరిగి ఒకరం, ఇటు తిరిగి ఒకరం ఉన్నాం. అందుకే అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు చేపలు కడుగుతున్నప్పుడు భవానిని అడిగాను. పడ్డప్పుడు పెద్దమ్మను చాలా పిలిచావా అని.

అది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"నేనెందుకు పిలుస్త? పెద్దమ్మకు ఇనవడదు గద. లేసి ఉరికిన, కొంగు గుంజిన."

"మరి నర్సింహమ్మ, నువ్వు ఒర్లినవని అంటుందట?"

"ఆమెనే ఒర్లింది. నేను ఒర్లలే."

అంతే అక్కా. అది అక్కడ పడి నిన్ను పిలుస్తూ ఏడవలేదు. పడింది, లేచింది, నీ దగ్గరికి పరుగెత్తింది. నిన్ను ఎలా పిలవాలో దానికి తెలుసు. నాకే తెలియదు. నేను ఇప్పటికీ గుమ్మంలోంచి "అక్కా" అని అరిచి, తర్వాత నాలుక కరుచుకుంటాను. చెయ్యి విరిగిన పిల్ల నిన్ను వెతుక్కుంటూ వచ్చిందే గానీ నువ్వు దాన్ని వదిలిపోలేదు. అన్నం తిను.

గురుకులం మాట నేను మానేశాను. ఆ రోజు నీ మీద జాలితో రాశాననుకున్నాను. నిజానికి నేను చేయలేనిది నువ్వు చేస్తుంటే చూడలేక రాశాను. నీ చెవుల గురించి ఆ మాట నేను ఎప్పుడూ అనుకోలేదు. నిషాత్ కూడా అనలేదు. పాపం, నిన్ను తలుచుకొని ఆమె మొన్న పచ్చడి కట్టి ఇచ్చింది.

ఇక ఇది. ఫలితం వచ్చింది. మాట్లాడే దగ్గర ఈసారి కావాల్సినంత వచ్చింది. ఎందుకు వచ్చిందో నాకు అర్థం కాలేదు. అన్ని చోట్లా ఆగాను, ఏడ్చాను. నిషాత్ నన్ను కావలించుకొని గెంతింది. నాకు గెంతాలనిపించలేదు. ముందు పడుకోవాలనిపించింది.

కాగితాలు తేలేసరికి మార్చి అవుతుందట. పిల్లకు ఆ తర్వాత ఇంకో ఏడాది పట్టవచ్చు. ఖర్చు కలిసొస్తుందని నేనూ నిషాత్ హాస్టల్ వదిలి రెండు గదుల ఇల్లు తీసుకున్నాం, ఇక్కడే తుర్కయాంజాల్ చెరువు వైపు వీధిలో. నాకు ఇక అన్నీ పగటి డ్యూటీలే. ప్రతి ఆదివారం వస్తాను. ఈసారి నిజంగా వస్తాను.

నేను పోయాక కూడా భవానిని నువ్వే ఉంచుకోవాలి అక్కా. అడగడానికి నోరు రావడం లేదు, అందుకే రాస్తున్నాను. నువ్వు కాదంటే నేను పోను.

అరుణ


ఇబ్రహీంపట్నం,
14 అక్టోబర్, సోమవారం.

అరుణా,

ఈ ఉత్తరం యాసిన్ తేవడం లేదు. భవాని తెస్తుంది. మీ బావ బస్సులో తీసుకొస్తాడు. ముందు పిల్లకు అన్నం పెట్టు, తర్వాత చదువు.

నువ్వు పాసయ్యావని చదివి సంతోషపడ్డాను. వెంటనే కాదు, రెండు రోజులకు. మొదట ఏం అనిపించిందో రాయను.

నువ్వు పోయాక పిల్లను ఉంచుకోమని అడిగావు. ఉంచుకుంటాను. కానీ ఇప్పుడు కాదు. మార్చి దాకా నువ్వు ఇక్కడే ఉంటావు, అప్పటిదాకా అది నీ దగ్గర ఉండాలి. నేను చాలా ఆలోచించాను. దసరా సెలవుల్లో నువ్వు వచ్చినప్పుడు అది నీకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, చుట్టాలకు ఇచ్చినట్టు పక్కకు నిలబడింది. అప్పుడు నువ్వు నీళ్లు తాగుతూ ఉన్నావు, నేను దాని ముఖం చూశాను. ఇలాగే నువ్వు విమానం ఎక్కితే, ఏడాది తర్వాత దాన్ని తీసుకుపోవడానికి వచ్చినప్పుడు అది నా వెనక దాక్కుంటుంది. నేను కూడా దాచేస్తాను చెల్లె. నా సంగతి నాకు తెలుసు. అప్పుడు మనిద్దరం కొట్టుకుంటాం.

మీ బావ రెండు రోజులు ఒప్పుకోలేదు. "పిల్ల లేకుంటే ఇంట్ల ఏముంటది?" అని మళ్లీ మళ్లీ అదే అన్నాడు. మూడో రోజు తనే పెద్దసారు ఇంటికి పోయి, సెలవుల్లోనే బడి తెరిపించి టీసీ తెచ్చాడు. మీ వీధి దగ్గర సర్కారు బడి ఉందని యాసిన్ చూసి వచ్చాడు. రేపు బడి తెరుస్తారు, నువ్వు ఒక పూట సెలవు పెట్టి చేర్పించు.

చేతి పట్టీ శుక్రవారం తీసేశారు. బరువులు ఎత్తనీయకు. కుడి పక్క ఊగిన పైపన్ను ఊడిపోయింది, ఇప్పుడు ఎడమది ఊగుతోంది. చేప ముల్లు తీసి పెట్టకపోతే తినదు, పెద్దదయ్యాననుకొని తనే తీసుకుంటానంటుంది, నమ్మకు. పడుకునేటప్పుడు కాలు మన మీద వేస్తుంది. తోసెయ్యకు. మాట్లాడేటప్పుడు ఎదుటికి వచ్చి ముఖంలో ముఖం పెట్టి మాట్లాడుతుంది, గడ్డం పట్టుకొని తన వైపు తిప్పుకుంటుంది. నా వల్ల వచ్చిన అలవాటు. నీకు వినబడుతుందని దానికి గుర్తుండదు. కోప్పడకు, మెల్లగా పోతుంది.

పొద్దున జడలు వేస్తుంటే అడిగింది, "నువ్వు రావా పెద్దమ్మ?" అని. ఆదివారం వస్తానని చేతితో చెప్పాను. అబద్ధమే. ఈ ఆదివారం రాను, వచ్చే ఆదివారం కూడా రాను. నేను వస్తే అది నా వెంట బయలుదేరుతుంది. నేను వద్దనలేను. ఏడిస్తే నువ్వే ఊరుకోబెట్టాలి. ఎలాగో నాకు తెలియదు, నా దగ్గర అది ఎప్పుడూ అమ్మ కోసం ఏడవలేదు.

నాలుగు వారాలు పోనీ. అప్పుడు వస్తాను. కండక్టర్ మాట నాకు వినబడదు కాబట్టి నువ్వు స్టాపులో నిలబడు. పిల్లను ఇంట్లో ఉంచి ఒక్కదానివే రా. నీ వెంట వస్తానని అది గుమ్మం దగ్గర ఏడ్చిందని చెప్పు. అది వింటే నాకు చాలు.

అక్క